ఎడమ పక్క అరిగిన బండ

నల్లబండ చెరువు పార్కులో పడమటి మెట్ల వైపు తెల్లవారకముందు ఎవరూ పోరు.

పగలంతా అక్కడ జాతరే. బేగంపేట ఆఫీసుల నుంచి వచ్చినవాళ్ళు ఆ మెట్ల మీద కూర్చుని చెరువు గాలి పీలుస్తారు, మొక్కజొన్న పొత్తులు తింటారు, ఫోటోలు దిగుతారు. కానీ రాత్రి మూడు దాటిందంటే... ఆ మెట్ల పేరెత్తితేనే సెక్యూరిటీ వాళ్ళకు చెమటలు పడతాయి.

అక్కడ చప్పుడు వస్తుంది.

ధబ్. ధబ్. ధబ్... కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ— ధబ్.

తడిబట్టను బండకేసి కొట్టే చప్పుడు. పోయి చూస్తే మనిషి ఉండడు. బట్టా ఉండదు. మెట్లలో ఒక్క బండ మాత్రం తడిసి ఉంటుంది.

పార్కు తెరిచి ఐదు నెలలు కాలేదు, అప్పుడే ముగ్గురు గార్డులు పని మానేశారు. ఒకడైతే యూనిఫాం బూత్‌లోనే వదిలేసి బనీను మీద ఇంటికి పోయాడని మెట్టుగూడలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నాలుగోవాడిగా వచ్చిన రాజేందర్ మాత్రం ఆ డ్యూటీ అడిగి మరీ వేయించుకున్నాడు. అతనేమీ పెద్ద ధైర్యవంతుడు కాదు. ఒక సంగతి తేల్చుకోకపోతే అతనికి నిద్ర పట్టేట్టు లేదు.

ఆ సంగతి తెలియాలంటే చెరువు గురించి కొంచెం చెప్పాలి. పార్కు కాకముందు అది దోబీఘాట్. పన్నెండు ఇళ్ళు, పన్నెండు నల్లబండలు. ఎవరి బండ వాళ్ళదే, పక్కవాడి బండ మీద రుమాలు కూడా ఉతికేవాళ్ళు కాదు. సికింద్రాబాద్ లాడ్జీల దుప్పట్లన్నీ అక్కడే తెల్లబడేవి. తర్వాత చెరువును బాగుచేసే పని షురూ అయింది. మంచి పనే, కాదని ఎవరంటారు? మురుగు ఆపారు, గుర్రపుడెక్క పీకేశారు, నీళ్ళు తేటపడ్డాయి. ఆ పన్నెండు ఇళ్ళవాళ్ళకు ఊరి చివర, రెండు బస్సులు మారితే గానీ చేరలేనంత దూరంలో ఫ్లాట్లు ఇచ్చారు. బండలను మాత్రం వాళ్ళ వెంట పంపలేదు. చూడ్డానికి అందంగా ఉన్నాయని క్రేన్‌తో లేపి పడమటి మెట్లలో పేర్చారు. ఆ పక్కనే ఒక బోర్డు కూడా పెట్టారు— ‘ఇచ్చట బట్టలు ఉతకరాదు’ అని. రాయించినవాళ్ళకు సిగ్గనిపించలేదు కాబోలు.

ఆ పని నడిచే రోజుల్లో రేకుల కంచె దగ్గర కాపలా ఉన్నది రాజేందరే. ఒక మధ్యాహ్నం ఒక ముసలమ్మ చంకలో మూటతో వచ్చింది. భర్త పోయి నాలుగు రోజులైందనీ, ఆయన దుప్పటి ఆయన బండ మీద ఒక్కసారి ఉతుక్కుని పోతాననీ బతిమాలింది. రాజేందర్ కసరలేదు. మర్యాదగానే చెప్పాడు.

"లోపల పని నడుస్తున్నదమ్మా, పర్మిషన్ లేదు. పార్కు తెరిచినంక రా. అందరికీ ఫ్రీనే."

ఆమె నమ్మింది. అయినా వెంటనే పోలేదు. రోడ్డవతల మూట ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంది. చీకటి పడ్డాక రాజేందర్ అటు చూస్తే అక్కడ ఎవరూ లేరు.

ఏడాదిన్నర తర్వాత, చప్పుడు సంగతి చెవిన పడగానే అతనికి ఆ మూట గుర్తొచ్చింది. ఆ ముసలమ్మ చనిపోయిందా? చనిపోయి... వచ్చి ఉతుక్కుంటోందా? తను చెప్పిన ఆ ఒక్క మాటకేనా? అదే అతను తేల్చుకోవలసింది.

మొదటి రెండు రాత్రులూ ఏమీ వినపడలేదు.

మూడో రాత్రి, నాలుగు కొట్టే వేళకు కుక్కలన్నీ ఒక్కసారిగా మొరగడం ఆపేశాయి. చెరువు మీద గాలి ఆగింది. రాజేందర్ బూత్‌లో బీడీ వెలిగించబోయి... ఆగిపోయాడు.

ధబ్. ధబ్. ధబ్...

అగ్గిపుల్ల వేలిదాకా కాలింది. అతనికి తెలియలేదు.

ధబ్.

టార్చి తీసుకుని బయటికి వచ్చాడు. నోట్లో ఆంజనేయ దండకం మొదలైంది గానీ రెండో ముక్క గుర్తుకు రావడం లేదు. మెట్లు ఇంకా యాభై అడుగులుంటాయి. చప్పుడు దగ్గరవుతోంది. నీటి చుక్కలు రాలుతున్న సవ్వడి కూడా...

"బిడ్డా..."

వెనక నుంచి!

రాజేందర్ చేతిలోంచి టార్చి జారిపడింది. తిరిగి చూశాడు. చిన్న గేటు అవతల, వీధి దీపం కింద ఒక ముసలమ్మ. చంకలో మూట. గేటు ఊచలకు చెవి ఆనించి నిలబడి ఉంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

అదే ముసలమ్మ.

"నువ్వు... నువ్వు బతికే ఉన్నవా అమ్మా?" అడిగాడు.

"సచ్చినట్టే ఉన్న గని, ఇంక పోలే బిడ్డా." గుసగుసగా అంది. "జెర మాట్లాడకు. విననియ్యి."

మెట్ల వైపు నుంచి చప్పుడు వస్తూనే ఉంది. ఆమె గేటు అవతల... చప్పుడు లోపల.

"మరి అక్కడ ఉన్నదెవరమ్మా?"

"మా వీరయ్య." ఆమె కళ్ళు మూసుకుని వేళ్ళతో లెక్కపెట్టింది. "మూడు దెబ్బలు కొట్టి ఆగుతడు. బుజం నొస్తది ఆయనకు. మళ్ళ ఒక్కటి. నలభై ఏండ్లు పక్కన నిలవడి విన్న, నాకు తెల్వదా? మొన్న మా మనవరాలు ఫోన్ల ఏందో దయ్యం వీడియో అని చూపెట్టింది. నా కండ్లకు మోతిబిందు, ఏం కనవడదు. చప్పుడైతే ఇన్న. దయ్యమా? మా ఆయనే అది! ఇగ ఆగలేకపోయిన. రాత్రి ఆఖరి బస్సుకొచ్చి స్టేషన్ల కూసున్న."

ఆ వీడియో రాజేందర్‌కు తెలుసు. రోజూ ఐదింటికి పరుగుకు వచ్చే శ్రీలేఖ అనే అమ్మాయి, గేటు బయట నిలబడి చప్పుడు రికార్డు చేసి పెట్టింది. ఊరంతా చూసి భయపడింది. ఈమె ఒక్కతే అది విని రెండు బస్సులు మారి వచ్చింది.

ఆమె పేరు బాలనర్సమ్మ. మూట ఎందుకమ్మా అంటే చెప్పింది.

"ఊర్లె ఎవరు పోయినా ఆ బట్టలు మేమే ఉతుకుతం బిడ్డా. మా ఇంట్ల మనిషి పోతే, పానం పోయేటప్పుడు కప్పుకున్న దుప్పటి ఆ మనిషి బండ మీదనే ఉతకాలె. పది దినాల లోపల. ఉతకకుంటే ఆ మనిషి పని దిగడు. చేస్తనే ఉంటడు." గేటు ఊచను గట్టిగా పట్టుకుంది. "ఏడాదిన్నర సంది చేస్తనే ఉన్నడు సూడు. గా నొచ్చే బుజంతోని."

రాజేందర్ గేటు దగ్గరికి జరిగాడు.

"పార్కు తెరిచినంక రాలేదా?"

"వచ్చిన. పగలొచ్చిన. బోర్డు చూపెట్టి ఎల్లగొట్టిన్రు."

అతను గేటు మీది కెమెరా వైపు చూశాడు. సూపర్‌వైజర్ ఉదయ్ భాస్కర్ పొద్దున్నే అన్నీ తిప్పి చూస్తాడు. చూస్తే ఈ ఉద్యోగం ఉండదు. రాజేందర్ నడుముకున్న తాళాల గుత్తి తీశాడు. రెండుసార్లు తప్పు తాళంచెవి పెట్టి, మూడోసారి తెరిచాడు.

"అమ్మా... ఆ రోజు నిన్ను ఆపింది నేనే."

"ఎరికే బిడ్డా," అంది ఆమె లోపలికి అడుగుపెడుతూ. "నీ గొంతు యాదికుంది. అందరికీ ఫ్రీ అంటివి."

ఆ మాటకు తిడితే బాగుండేది. ఆమె తిట్టలేదు. అతని మోచెయ్యి పట్టుకుని నడిచింది.

వాళ్ళు మెట్ల దగ్గరికి చేరేసరికి చప్పుడు ఆగిపోయింది.

ఎవరూ లేరు. బాలనర్సమ్మ వంగి ఒక్కొక్క బండనూ అరచేత్తో తడిమింది. ఐదో బండ దగ్గర ఆగింది. అది తడిసి ఉంది. "అందరి బండలు కుడి పక్క అరుగుతయి. ఇది ఎడమ పక్క. ఆయనది ఎడమ చెయ్యి," అని ఆ గుంటలో చెయ్యి పెట్టింది. జ్వరమొచ్చిన బిడ్డ నుదురు తాకి చూసినట్టు చూసింది ఆ బండను.

తర్వాత మూట విప్పింది. మందపాటి రైల్వే దుప్పటి, మడత మడతకూ పాత మందుల వాసన. కొంగు బిగించి నీళ్ళలోకి దిగింది. సబ్బు రుద్దింది, కొట్టింది, జాడించింది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఒక్కో దెబ్బకూ మూలుగుతోంది గానీ ఆపలేదు. తడిసిన దుప్పటి ఆమె కంటే బరువుగా ఉంది.

"ఒక్కదాన్ని పిండలేను బిడ్డా. ఆ కొస పట్టుకో."

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఎవరో పిలిచారు. చిన్న గేటు తెరిచే వదిలేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది రాజేందర్‌కు. "ఇప్పుడే వస్తనమ్మా," అని పరుగెత్తాడు.

గేటులో శ్రీలేఖ నిలబడి ఉంది. లోపలికి రాబోతోంది.

"ఐదు కాలేదు మేడమ్. జెర ఆగండి."

"గేటు తెరిచే ఉంది కదండీ? లోపల ఎవరో ఉన్నట్టున్నారు?"

"పని నడుస్తున్నది మేడమ్," అన్నాడు. ఏడాదిన్నర కింద అన్నది కూడా ఆ మాటే. ఆమెకు సర్దిచెప్పి, గేటుకు తాళం వేసి, గబగబా వెనక్కి వచ్చాడు. పది నిమిషాలు పట్టి ఉంటుంది.

బాలనర్సమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన దుప్పటి, తాడులా మెలితిరిగి, చుక్క నీరు కారకుండా...

పిండి ఉంది.

ఆమె ముఖం తేటపడి ఉంది. అలికిడి విని తల తిప్పింది. "మంచిగ పట్టినవ్ బిడ్డా. నీది సుత ఎడమ చెయ్యేనా?"

"ఏందమ్మా?"

"అందరు కుడికి తిప్పుతరు. ఆయన ఎడమకు తిప్పుతుండె. నేను సుత ఎడమకు తిప్పకుంటే బట్ట పిండుకపోదు. పెండ్లయిన కొత్తల రోజు కొట్లాటే గా ముచ్చటకు." చిన్నగా నవ్వింది. "ఇప్పుడు నేను కుడికే తిప్పవోయిన. నువ్వు ఎడమకు తిప్పితివి. నా చెయ్యి దానంతటదే మళ్ళింది."

రాజేందర్ తన కుడి చేతిలోని తాళాల గుత్తి వైపు చూశాడు. దుప్పటి అవతలి కొస ఉండాల్సిన చోట మెట్టు లేదు. అక్కడంతా లోతు నీళ్ళు. చెప్పాలా... వద్దా? ఒకసారి మర్యాదకు చెప్పిన మాటతో ఈమెను ఏడాదిన్నర ఏడిపించాడు. ఇంకోసారి ఆ పని చేయలేకపోయాడు.

"అమ్మా... నేను గేటు కాడున్న. ఆ కొస నేను పట్టుకోలే."

బాలనర్సమ్మ నవ్వు అలాగే ఆగింది. మసకబారిన కళ్ళతో తన అరచేతులు చూసుకుంది. మెల్లగా లేచి, పిండిన దుప్పటిని గుండెలకు అదుముకుని, నీళ్ళ వైపు తిరిగింది.

"ఒక్క మాట చెప్పి పోవద్దాయ్యా నువ్వు?" అంది. "మెల్లగ పిండుదును గదా..."

 ఆ తర్వాత పడమటి మెట్ల వైపు నుంచి ఆ చప్పుడు మళ్ళీ ఎప్పుడూ రాలేదు.