వాసన లేని గ్యాస్

"గ్యాస్ డిటెక్టర్ పెన్ను, ఒకటి. బ్యాటరీ తర్వాత పంపబడును."

ఏజెంట్ ధనంజయకు హెడ్ క్వార్టర్స్ ఇచ్చిన కిట్ అంతే. అది 2004 ఏప్రిల్. ఇప్పుడు జూన్. చిత్తూరు శివార్లలోని మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఫిట్టర్ వేషంలో రెండు నెలలుగా మగ్గుతున్నాడు. అయిదు ఉత్తరాలు రాసినా బ్యాటరీ జాడ లేదు.

బ్రీఫింగ్ మాత్రం ఘనంగా ఇచ్చారు. కరెంటు మీద ఆధారపడకుండా సహజవాయువు ఇంజన్‌తో కోల్డ్ స్టోరేజీ నడిపే మెషీన్ ఇక్కడ తయారైంది. అది సక్సెస్ అయితే, కరెంటు మెషీన్లు అమ్ముకునే ఒక విదేశీ ముఠా దుకాణం కట్టేసుకోవాలి. అందుకే ప్రారంభోత్సవం రోజే పేల్చేస్తారు. బాంబు వెతుకు.

మూడుసార్లు వెతికాడు. బాంబు లేదు. అనుమానమల్లా చంద్రిక మీదే. జ్యూస్ కంపెనీ ప్రతినిధినంటూ నల్ల కళ్లద్దాలతో దిగిన అందగత్తె. రిపోర్టు పంపితే, "ఆమె మన ఏజెంటే, జోలికి వెళ్లొద్దు" అని ఫ్యాక్స్ వచ్చింది. ధనంజయకు ఒళ్లు మండిపోయింది.

ప్రారంభోత్సవం ఉదయం ఇంజన్ రూమ్ నిండా నలభై మంది. మేనేజర్ మునిరత్నం ఇంజన్‌కు బొట్లు పెట్టి, చంద్రిక కానుకగా తెచ్చిన వెండి పళ్లెంలో కర్పూరం పేర్చాడు. ఆమె మాత్రం పొగ పడదని గేటు దగ్గర కార్లోనే కూర్చుంది.

గది ఊడ్చే సిద్ధమ్మ ధనంజయ పక్కన నిలబడి మెల్లగా అంది.

"రోజూ ఈ గ్యాసు కంపుకు తల తిప్పతా ఉండె నాయనా. నిన్న కొత్త సిలిండర్ల లారీ వచ్చినాక ఆ కంపే లేదు సూడు."

ధనంజయకు అప్పుడు వెలిగింది. సహజవాయువుకు వాసన ఉండదు. లీకైతే తెలియాలనే కంపు కలుపుతారు. కలపని గ్యాస్ పంపి, జాయింట్ వదులు చేస్తే చాలు. బాంబెందుకు? అగ్గిపుల్ల మనవాళ్లే గీస్తారు.

మునిరత్నం గీసిన మొదటి పుల్ల విరిగింది. రెండోది పెట్టె మీద ఆనింది. ధనంజయ నైవేద్యానికి పెట్టిన మామిడి గుజ్జు బకెట్ ఎత్తి పళ్లెం మీద, అగ్గిపెట్టె మీద, మునిరత్నం మీద కుమ్మరించాడు.

"పిచ్చి పట్టినాదా అబ్బా నీకు? మంచి పనిలో అపశకునమా?"

"వాల్వు కట్టేయండి సార్. తలుపులన్నీ తెరిచి అందర్నీ బయటికి పంపండి."

జాయింట్‌కు సబ్బు నురగ పూస్తే బుడగలు తెగ లేచాయి. మునిరత్నం చేతిలోని అగ్గిపెట్టెను దూరంగా విసిరేశాడు.

పేలుడు వినబడకపోయేసరికి కారు తీసిన చంద్రిక ఎక్కువ దూరం పోలేదు. గేటు బయట మామిడికాయల ట్రాక్టర్లు మైలు పొడవునా బారులు తీరి ఉన్నాయి. ఆమె కారు ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. ముఠా జీతం కూడా తీసుకుంటున్న 'మన ఏజెంటు' అక్కడే దొరికిపోయింది.

సాయంత్రం ఫ్యాక్స్ వచ్చింది. "బ్యాటరీ మంజూరైంది. పాతది వాపసు చేసి తీసుకోవలెను."

పెన్ను తిప్పి పంపేసి, దాని బదులు సిద్ధమ్మను డిపార్ట్‌మెంట్‌లో వేసుకోమని రాశాడు ధనంజయ. జవాబు ఇంకా రాలేదు.