కళ్ళాపి చల్లిన కల్లం

సర్టిఫికెట్ ఇచ్చే ఆయన పొద్దున్నే వస్తాడని కొడుకు చెప్పినప్పటి నుంచీ శ్యామలాంబకు కాలు నిలవలేదు. ఇంటికి పెద్దమనిషి వస్తుంటే వాకిలి పొడిగా ఉంచడం ఆవిడ వంశంలో లేదు. తెల్లవారగానే గేదె దగ్గర పేడ ఎత్తి, బకెట్‌లో చిక్కగా కలిపి, వీధి గుమ్మం నుంచి పెరట్లో కల్లం దాకా కళ్ళాపి చల్లింది. కల్లంలో చాపల మీద కోకో గింజలు ఎండుతున్నాయి. వాటి చుట్టూ కూడా చల్లి, మెలికల ముగ్గు తిప్పింది. కోడలు నాగదుర్గ వంటింటి కిటికీలోంచి చూసి, ముగ్గు బాగా కుదిరిందనుకుందే తప్ప ఇంకేం అనుకోలేదు.

దేశాలవతల ఎవరో నల్ల చాక్లెట్ గుండెకు మంచిదని కనిపెట్టారు. తినేవాళ్ళ గుండెతో పాటు మనసు కూడా హాయిగా ఉండాలని, కొనే కంపెనీ రైతులకు షరతులు పెట్టింది. ఆ షరతుల కోసం నాగదుర్గ భర్త గణేష్‌బాబు, కొబ్బరిచెట్ల కింద ఉన్న ఎకరంన్నర కోకోకి రెండేళ్ళుగా మందు కొట్టలేదు. కాయల్లో ఉడతల వాటా ఉడతలు తిన్నాయి, ఎలకల వాటా ఎలకలు తిన్నాయి. ఈ తనిఖీ దాటితే సర్టిఫికెట్ వస్తుంది, మంచి ధరా వస్తుంది. దాటకపోతే రెండేళ్ళ ఓపికా గోదాట్లో కలిసినట్టే.

తనిఖీకి వచ్చిన రాజ్ కుమార్ కల్లం దగ్గర టక్కున ఆగిపోయాడు.

"ఇదేంటండి?"

"పేడ బాబూ. మీరొస్తున్నారని," అంది శ్యామలాంబ మురిసిపోతూ.

అతను చేతిలోని ట్యాబ్‌తో ఫొటోలు తీశాడు. చాప అంచున పడిన చుక్కల్ని దగ్గర నుంచి మళ్ళీ తీశాడు. గింజల దగ్గర పశువుల పేడ ఉండకూడదని, క్రిములు చేరతాయని, ఈ సరుకు కంపెనీ తీసుకోదని, తోటకి కూడా ఈ ఏడు సర్టిఫికెట్ ఉండదని చాలా మర్యాదగా చెప్పాడు.

గణేష్‌బాబు అతన్ని ఏమీ అనలేదు. తల్లి వైపు తిరిగాడు.

"నిన్నెవరు చల్లమన్నారమ్మా? రెండేళ్ళ కష్టం ఒక్క బకెట్‌తో ముంచేశావు."

శ్యామలాంబ కిందికి వంగి, పమిట చెంగుతో చాప అంచు తుడవడం మొదలుపెట్టింది.

అది చూశాక నాగదుర్గ కాఫీ గ్లాసుతో బయటికి వచ్చింది.

"తీసుకోండి. పాలు ఆ గేదెవే. దీనికీ ఫొటో కావాలాండి?"

రాజ్ కుమార్ గ్లాసు అందుకున్నాడు.

"పోయినేడు మీ కంపెనీవాళ్ళే మీటింగ్ పెట్టి పేడ బంగారం అన్నారు. మా అత్తయ్యగారు ముందు వరసలో కూర్చుని అంతా విన్నారు. చెట్టు మొదట్లో బంగారం చాప పక్కకొస్తే విషం అయిపోద్దని అప్పుడెందుకు చెప్పలేదండి?"

"రూల్స్ అన్నీ ఫోన్‌కి పంపామండి."

"ఇంగ్లీషులో పంపారు. నేను బీకాం చదివాను, నాకే రెండో పేజీలో నిద్రొచ్చింది."

ఆమె లోపలికి వెళ్ళి, ఆ మీటింగ్‌లో పంచిన చాక్లెట్ రేపర్ తెచ్చింది. దాని మీద ఒక పెంకుటిల్లు, దాని ముందు ముగ్గు వేసిన పచ్చటి వాకిలి, నవ్వుతున్న పల్లెటూరి ముసలావిడ.

"ఈ వాకిలి దేంతో అలికారో మీ ఆఫీసులో కనుక్కోండి. బొమ్మకి పనికొచ్చే పేడ మనిషికి పనికిరాదా?"

రాజ్ కుమార్ రేపర్‌ని కాసేపు చూశాడు. తన చేతుల్లో ఏమీ లేదన్నాడు. చేతుల్లో ట్యాబ్ ఉంది కదా అంది నాగదుర్గ. అతను తలొంచుకుని వెళ్ళిపోయాడు. కాఫీ మాత్రం పూర్తిగా తాగాడు.

బండి సందు మలుపు తిరిగేదాకా ఆగి ఆమె భర్త వైపు తిరిగింది.

"ఆ రూల్స్ వచ్చింది ఎవరి ఫోన్‌కండి?"

గణేష్‌బాబు చెప్పుల వంక చూసుకున్నాడు.

"చదవకుండానే కింద సరేనని బొటనవేలు బొమ్మ పెట్టారు. పరాయివాడిని అనలేక అమ్మని అన్నారు. ఆవిడైతే తిరిగి అనదని తెలుసుగా."

ఆ రోజు శ్యామలాంబ అన్నం సరిగ్గా తినలేదు. మధ్యాహ్నం నాగదుర్గ, గణేష్‌బాబు గింజలన్నీ డాబా మీదికి మోసుకుపోయారు, అక్కడైతే కళ్ళాపి తగలదని.

మర్నాడు పొద్దున్న ముసలావిడ వాకిలి ఊడ్చి ఊరుకుంది. కళ్ళాపి ఏదని కోడలు అడిగితే, "క్రిములంట కదమ్మా," అని చీపురు మూల పెట్టేసింది. పెళ్ళై ఆ ఇంటికి వచ్చాక, చావు మైలలో తప్ప ఆ వాకిలిని ఆవిడ అలా వదల్లేదు.

గణేష్‌బాబు ఆ మాట విన్నాడు. లుంగీ ఎగ్గట్టి గేదె దగ్గరికి వెళ్ళాడు. బకెట్‌తో వచ్చి వాకిట్లో గుప్పెళ్ళతో కుమ్మరించసాగాడు. మగవాడు కళ్ళాపి చల్లడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు. ఎదురింటాయన నోట్లో బ్రష్ కదలడం మానేసింది.

"అలా కాదురా," అంది శ్యామలాంబ, ఉండబట్టలేక. "విస్తట్లో పప్పు వడ్డిస్తున్నావా? చెయ్యి తిప్పి విసరాలి."

ఆవిడే వచ్చి కొడుకు మణికట్టు పట్టుకుంది.

"నిన్న నోరు జారానమ్మా," అన్నాడు గణేష్‌బాబు నేల చూస్తూ.

"సర్లే, చెయ్యి తిప్పు ముందు." ఆవిడ ముక్కు ఎగబీల్చింది. చెంగు తీసి కళ్ళు తుడుచుకుంది. నిన్నటి మరక ఆ చెంగుకి ఇంకా ఉంది.

నాగదుర్గకు కోపం తగ్గలేదు. ఆ కంపెనీ మీద, ఆ రేపర్ మీద, ఆ బొటనవేలి బొమ్మ మీద. ముగ్గు డబ్బా తెచ్చి తడి వాకిట్లో కూర్చుని, ఆ కోపంతోనే చుక్కలు పెట్టింది. ఒక్క చుక్కా వంకర పోలేదు.