ఉత్తరీయం చాటు బేరం

తూర్పున నురుగులు కక్కే కడలికీ, పడమట మబ్బులను ఒరసుకొనే కొండవాకిలి దుర్గానికీ నడుమ, ఏనుగుల ఘంటానాదాలతో కళకళలాడే మణిమండ రాజధానిలో ఆనాడు కొలువుకూటం కిక్కిరిసింది. దుర్గం పగవాని వశమైంది. దానిని కాపాడవలసిన సేనాని రేచననాయకుడు, చేతికి నెత్తుటి గుడ్డ చుట్టుకొని, సంకెళ్లతో నిలబడ్డాడు. వర్తకుల శ్రేణి అయిన నకరానికి పెద్ద కొమ్మిశెట్టి అతని వంక చూడలేక తల వంచుకొన్నాడు.

తప్పు చేసినవాడికి తల ఎలా లేస్తుంది? పడమటి సేనలు కదిలిన నాటినుండి రాజ్యంలో పూటకొక శాసనం పుట్టింది. మంత్రి ముద్ర పడనిదే రేవులో దిగిన గుర్రం పొలిమేర దాటరాదు. దానికి తోడు యుద్ధసుంకం. ఆంబోతుల కుమ్ములాటలో లేగల కాళ్లు విరిగినట్టు వర్తకులు కుదేలయ్యారు. సరిగ్గా అదను చూసి మంత్రి మారయామాత్యుడు కొమ్మిశెట్టిని పిలిపించి, గుర్రాల బేరగాళ్ల పద్ధతిలో ఉత్తరీయం కింద చేయి చాపాడు. ఆ బేరంలో మాట నోట రాదు, వేళ్లే పలుకుతాయి. దానిని బయటపెట్టినవాడు నకరానికి వెలి.

"దుర్గానికి పోవలసిన గుర్రాలు అమావాస్య దాకా రేవులోనే మేత మేయనీ" అని మాత్రం గొణిగి, మంత్రి అతని అయిదు వేళ్లూ బిగించాడు. అయిదంటే సుంకం మొత్తం రద్దు. రేచనను అపకీర్తిపాలు చేసి సేనాధిపత్యం తన అల్లుడికి కట్టబెట్టాలని మంత్రి పన్నాగం. కొమ్మిశెట్టికి అది లీలగా తెలుసు. అయినా చేయి విడిపించుకోలేదు. సుంకమంతా పోతుందని మాత్రం నకరపు పెద్దలకు చెప్పాడు. గోడలు గట్టివి, సేనాని మొనగాడు, కాస్త ఆలస్యానికి కొంపలేమీ మునగవులే అనుకొన్నాడు. కొంపలే మునిగాయి.

"ప్రభూ!" రేచన గొంతు కొలువంతా వినిపించింది. "కోట వెలుపలికి దూకి శత్రువును తరమమని తమ ఆనతి. గుర్రాలు వస్తున్నాయని నా భటులకు మాట ఇచ్చి, బురుజు మీద నిలిచి రేవు దారి చూశాను. ఆ మాట నమ్మి నేలకొరిగిన వారికి నేను అపరాధిని. తమకు ద్రోహిని మాత్రం కాను."

"ఓడలు గాలివాలు తప్పాయి మహారాజా, గుర్రాలు రాలేదు. వంక చెప్పి కోట అమ్ముకొన్నవాడికి ఏనుగు కాలే శిక్ష" అన్నాడు మంత్రి.

కొమ్మిశెట్టి కాళ్లు తనకు తెలియకుండానే ముందుకు నడిచాయి. "గుర్రాలు సకాలంలోనే దిగాయి మహాప్రభూ. మంత్రివర్యుల బేరానికి లొంగి నేనే ఆపాను."

"ఉత్తరీయం చాటు బేరమా? సాక్షి ఎవరు?" మంత్రి నవ్వాడు.

నిజానికి సాక్షి లేడు. కొమ్మిశెట్టి నకరపు పెద్దల వైపు తిరిగి, ఆ బేరంలో ఏనాడూ ఆడని అబద్ధం ఆడాడు. "సుంకమంతా పోతుందని మీకు చెప్పాను. అది కల్ల. అమాత్యులు నాకు పట్టింది మూడు వేళ్లే, అయిదింట మూడు పాళ్ల రద్దే. తక్కిన రెండు పాళ్ల సుంకం తమ ఇంటికని దాచుకొన్నారు."

పెద్దలు భగ్గుమన్నారు. రాజు కళ్లు ఎర్రబడ్డాయి. దొంగ అన్న నింద చెవిన పడగానే మంత్రికి ఒళ్లు తెలియలేదు.

"అసత్యం! నేను అయిదు వేళ్లూ పట్టాను!"

బేరం మంత్రి నోటనే బయటపడింది. సంకెళ్లు రేచన కాళ్లనుండి మంత్రి కాళ్లకు మారాయి.

నిజం పలికినందుకు రాజు కొమ్మిశెట్టిని క్షమించాడు. నకరం అతన్ని వెలివేసింది. వెలి అతన్ని బాధించలేదు, క్షమే బాధించింది. అన్నం ముందు కూర్చుంటే బురుజు మీద నిలబడి దారి చూసే మనుషులు కనిపించేవారు.

దుర్గాన్ని తిరిగి గెలవడానికి బయలుదేరిన రేచన ఒక ఉదయం రేవులోని గుర్రపుశాలకు వచ్చాడు. "శెట్టీ, గుర్రాలు కావాలి."

"నాతో బేరమా నాయకా? నాది వెలిపడ్డ చేయి."

రేచన ఉత్తరీయం పరిచి, దాని కింద కుడిచేయి చాపాడు. కొమ్మిశెట్టి అందుకొన్నాడు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. ఆ పక్కన ఇంకా పచ్చి ఆరని గాయం.

"అయిదు పట్టలేను శెట్టీ, కోటలో రెండు పోయాయి" అన్నాడు రేచన, మామూలుగానే.

కొలువులో తానాడిన అబద్ధం తన చేతిలోనే నిజమై కూర్చుంది. కొమ్మిశెట్టి ఆ మూడు వేళ్లనూ కళ్లకద్దుకొని భోరుమన్నాడు. శాలలో ఉన్న గుర్రాలన్నిటినీ విప్పించాడు. వెల చెప్పడానికి అతనికి వేలు కదలలేదు.