ఇనుప పట్టీల బేలు

దేవేంద్రప్ప గొంతు కోసి, శవాన్ని ఆదోని జిన్నింగ్ మిల్లు గేటు పక్కన పత్తిగింజల కుప్పలో పూడ్చేశారు. బయటికి ఒక్క చెయ్యే కనబడుతోంది.

1982 ఏప్రిల్, మిట్టమధ్యాహ్నం. గేటు ముందు ఉగ్గాని, బజ్జీలు అమ్మే ఈరమ్మ ఆ చెయ్యి ఎవరిదో గుర్తుపట్టింది. చచ్చినవాడు సీక్రెట్ సర్వీసులో తన జోడీ. ఆమె ఏజెంట్ 14. గంప అడుగున ట్రాన్స్‌మిటర్, రెండు కమ్మల్లో రెండు ఇయర్‌ఫోన్లు. మిల్లు లోపల రెండు వందల మంది కూలి ఆడవాళ్లు. వాళ్లలో ఆమె కూతురు అంజినమ్మ!

చెవిలో చీఫ్ గొంతు: "ఫోర్టీన్! మిలిటరీకి పోయే దూది బేలులో బాంబు. విదేశీ ముఠా నాయకుడు కార్ల్ ఎమ్మిగనూరు రోడ్డు మీద జీపులో వస్తూ ఎఫ్.ఎం. ట్రిగ్గర్ నొక్కుతున్నాడు."

"నొక్కితే పేలలేదేం సార్?"

"రిసీవర్‌ను విడి దూదిలో పెట్టి టెస్ట్ చేశాడు. తర్వాత ప్రెస్సులో బేలుకు ఇనుప పట్టీలు బిగిస్తారని వాడికి తెలీదు. ఆ ఇనుము సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. సిగ్నల్ బలం ఒక హద్దు కిందికి పోతే ఎఫ్.ఎం. రిసీవర్‌కు వినిపించేది ఉత్త బుసే. జీపు రెండు ఫర్లాంగుల దూరానికొస్తే మాత్రం హద్దు దాటుతుంది."

ఇంతలో పట్టుచీర, నల్ల కళ్లద్దాలతో నసీబ్‌బీ వచ్చింది. ఇటూ అటూ పనిచేసే డబుల్ ఏజెంట్. చేతిలో పిస్టల్.

"కదలొద్దు ఉగ్గానమ్మా. దేవేంద్రప్ప గూడా ఇట్లే ఆత్రపడినాడు."

"కాలుద్దువులే తల్లీ. ముందు రెండు బజ్జీలు తిను!"

బాణలిలో సలసల కాగే నూనె నసీబ్‌బీ ముఖాన పడింది. పిస్టల్ పేలి ఈరమ్మ భుజం చీలింది. అయినా ఆమె నసీబ్‌బీ జుట్టు పట్టి, జల్లిగంటెతో నెత్తి మీద బాదింది.

"యా బేలే?"

"నీలం గుర్తు..." నసీబ్‌బీ కుప్పకూలింది.

చీఫ్ అరిచాడు: "నీ సెట్టులోంచి అదే ఫ్రీక్వెన్సీ మీద ఈల వెయ్యి! రెండు సిగ్నళ్లొస్తే రిసీవర్ గట్టిదానికే లొంగుతుంది. రెండోది దానికి వినబడనే వినబడదు."

ఈరమ్మ రక్తం కారుతూనే ట్రాన్స్‌మిటర్ సెట్టుతో మిల్లులోకి ఉరికి, నీలం గుర్తు బేలు మీద బోర్లా పడి, పట్టీల సందున సెట్టు అదిమింది. ఎడమ చెవిలో తన ఈల. కుడి చెవిలో, ఫర్లాంగు దూరాన కల్వర్టు కింద రైఫిల్‌తో కాచుకున్న తోటి ఏజెంట్ ఇబ్రహీం గొంతు.

"అక్కా, జీపు కనబడతాండాది. ఇంకొంచెం రానీ."

"రానిస్తే నా బిడ్డ కాలి బుగ్గి అయితాదప్పా!"

ఈలలో టిక్కు, టిక్కు! కార్ల్ సిగ్నల్ బలుస్తోంది. టిక్కులు కలిసిపోయి ఈల తెగిపోబోతోంది. బ్యాటరీ ముల్లు ఎర్రగీత మీదికి పడింది.

ఠాప్! ఠాప్! జీపు అద్దం పగిలింది, కార్ల్ తల పగిలింది. జీపు పల్టీలు కొట్టి గుంటలో పడి మండింది. టిక్కులు ఆగిన మరుక్షణమే సెట్టు చచ్చింది.

ఇబ్రహీం పరుగున వచ్చి తన సెట్టు అందించాడు.

"రిపోర్ట్, ఫోర్టీన్?" అన్నాడు చీఫ్.

"అందరూ బతికినారు సార్. కానీ మా అంజినమ్మ దగ్గుతాండాది. ఈ దూది దుమ్ముకు దానికేమయితాదో ఏమో!"