ఏలకుల వాసన వేసిన తుపాకీ

మా వేట గుడిసెలో పొయ్యి పక్క గోడకి ఎప్పుడూ మూడు తుపాకులు ఆనించి ఉండేవి. ఒకటి మా ఆయన రేనోది, ఒకటి మరిది ఆర్వోది, ఒకటి నాది. ఆ ఏడు నవంబరులో మాత్రం నాలుగున్నాయి. నాలుగోది నా సవతిది.

బతికున్న సవతి అయితే ఎలాగో వేగేదాన్ని. కనీసం జుట్టు పట్టుకోవడానికైనా ఓ మనిషి ఉండేది. ఐలి ఛాతీ జబ్బుతో దగ్గి దగ్గి ఏనాడో పోయింది. అప్పట్లో వాళ్ళ పక్కిల్లే మాది కాబట్టి శవపేటికలో నేనూ చూశాను. నీలం గళ్ళ వేట చొక్కా తొడిగి, మెడదాకా గుండీలు పెట్టి పడుకోబెట్టారు. ఆ చొక్కాతోనే పాతిపెట్టమని తనే అడిగిందట. తరవాత కొన్నాళ్ళకి రేనో నన్ను చేసుకున్నాడు. చేసుకున్నాడే గానీ, ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఐలి తుపాకీని ఒళ్ళో పెట్టుకుని నూనె గుడ్డతో తుడిచేవాడు. నా చెయ్యి అంత నెమ్మదిగా ఏనాడైనా పట్టుకున్నాడేమో చెప్పమనండి.

వేట మొదలయ్యే ముందు రోజు సాయంత్రం కూడా అదే పనిలో ఉన్నాడు. బయట సుపీరియర్ సరస్సు మీంచి వచ్చే గాలి కిటికీ పలకల్ని అదరగొడుతోంది. నేను మాంసం, దుంపలు పెట్టి కాల్చిన పాస్టీలు పళ్ళేల్లో వేస్తున్నాను.

"రేపు ఏది తీసుకెళ్తావ్?" అన్నాడు రేనో, తల ఎత్తకుండా.

"నాది నాకుంది కదా."

"నీది పొడుగెక్కువ లెంపీ. భుజానికి ఆనదు. పోయినేడు అందుకే గురి తప్పింది. ఐలిది తీసుకెళ్ళు. నీకు కొలిచి చేసినట్టు ఉంటుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తుపాకీ మడమని ఐలి చేతి పొడుగుకి తగ్గట్టు కోసి, రాత్రులు కూర్చుని నునుపు చేసింది ఈయనే. వేరే ఆడదానికి కొలిచి చేసింది నాకు సరిపోతుందని ఎంత నిదానంగా చెబుతున్నాడో!

ఆర్వో కాఫీ గిన్నె మీంచి గోడకేసి చూసి నవ్వాడు. "తీస్కెళ్ళు వదినా. నీ ఎర్ర తోక ఒంటరిగా ఏడుస్తోంది. లేకపోతే ఈ ఏడు దానికో చెల్లెలు పుడుతుంది."

గురి తప్పినవాళ్ళ చొక్కా వెనక అంచు కత్తిరించి, గోడకి మేకు కొట్టి తగిలించడం మా వేటగాళ్ళ ఆచారం. మా గోడ మీద రేనో తోకలున్నాయి, ఆర్వో తోకలు కావలసినన్ని ఉన్నాయి, చనిపోయిన మా మామగారిది కూడా ఒకటుంది. నా ఎర్ర ముక్క కిందటేడు చేరింది. ఐలిది మాత్రం ఒక్కటీ లేదు. ఒక తుపాకీ మోత వినిపిస్తే జింక పడినట్టు, రెండైతే అనుమానం, మూడైతే ఆ పూట ఉత్త దుంపలే అంటారు మావాళ్ళు. ఐలి ఎప్పుడూ ఒక్క మోతే. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు.

అప్పుడు నాకు ఒక ఆలోచన తట్టింది. కుళ్ళుబోతు ఆలోచనే, కానీ భలే నచ్చింది.

"సరే, ఐలిదే తీసుకెళ్తాను," అన్నాను. "కానీ దీంతో కూడా గురి తప్పితే?"

"ఇది తప్పదు."

"తప్పితే అమ్మేస్తావా?"

రేనో చేతిలో గుడ్డ ఆగింది. ఆర్వో చప్పట్లు కొట్టాడు. "అదీ మాట! చెప్పు అన్నా, అమ్మేస్తావా?"

"తప్పితే అమ్మేస్తా," అన్నాడు రేనో. ఎప్పటికీ జరగని సంగతికి మాట ఇస్తున్నవాడిలా ఇచ్చాడు.

నాకు అంతే కావాలి. జింక వస్తుంది, నేను కావాలని పక్కకి కాలుస్తాను. గోడ మీద ఇంకో తోక వేలాడితే వేలాడనీ. ఈ సీజను అయిపోయేసరికి నా ఇంట్లోంచి ఆ తుపాకీ పోవాలి, దాని వెనకే ఆమె పోవాలి.

మర్నాడు మధ్యాహ్నం నేను దేవదారు చెట్ల చిత్తడి అంచున, కొమ్మలతో కట్టిన మాటులో కూర్చున్నాను. మంచు మడమల దాకా ఉంది. రేనో చిత్తడికి అవతల ఎక్కడో ఉన్నాడు. చీకటి పడేలోపు నన్ను తీసుకెళ్ళడానికి పెద్ద బాట మీంచి వస్తానన్నాడు.

తుపాకీని భుజానికి ఆనించి చూశాను. నిజంగానే అతికినట్టు కూర్చుంది. చెంప ఆనించగానే చెక్కలోంచి ఏలకుల వాసన వచ్చింది. మాటులో దగ్గు రాకుండా ఐలి ఎప్పుడూ ఏలకులు నమిలేదని ఊరంతటికీ తెలుసు. ఎన్నేళ్ళు తుడిచినా ఆ వాసన పోలేదన్నమాట. లేదా మా ఆయన పోనివ్వలేదు. చెంప తీసేసి మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాను.

పొద్దు వాలింది. మా వైపు నవంబరులో సూర్యుడికి పనంటే బద్ధకం, పెందలాడే వెళ్ళిపోతాడు. చెట్ల మొదళ్ళ దగ్గర మొదలైన చీకటి మెల్లగా పైకి పాకుతోంది. ఎక్కడో కొమ్మ మీది మంచు జారి ధబ్బున పడింది. తరవాత ఏ చప్పుడూ లేదు. పిట్ట లేదు, గాలి లేదు. ఏలకుల వాసన మాత్రం ఉంది.

తుపాకీ ఒళ్ళోనే ఉంది. వాసన నా చెవి పక్కనుంచి వస్తోంది.

అప్పుడు జింక వచ్చింది. పెద్ద కొమ్ములు. ఖాళీ జాగాలోకి వచ్చి, పక్కకి తిరిగి నిలబడింది. పసిపిల్ల కూడా కొట్టేంత దగ్గర. నేను తుపాకీ ఎత్తి, జింకకి బాగా ఎడమన ఉన్న మోడుకి గురిపెట్టాను.

గొట్టం కదిలింది.

నేను కదపలేదు. అది కుడికి జరుగుతోంది... మెల్లగా... మోడు దాటింది. జింక మీదికి వచ్చింది. సరే, నీ పేరు నువ్వు నిలబెట్టుకో, చంపు అనుకున్నాను కచ్చగా. కానీ అది జింకనీ దాటేసింది. చెట్ల చీకట్లోకి వెళ్ళింది... అక్కడ ఆగింది. రాయిలా ఆగింది.

"ఊపిరి బిగబట్టు," అని వినబడింది. గుసగుస. చెవి పక్కనే.

నా చెంపకి ఇంకో చెంప ఆనింది. చల్లగా, తడిగా... మీట మీద నా వేలు ఉంది. నా వేలి మీద ఇంకో వేలు ఉంది.

గొట్టం చివర, చెట్ల మధ్య, ఎర్రటిది ఏదో కదిలింది. టోపీ. నన్ను పిలవడానికి రేనో దగ్గరి దారిన, చిత్తడికి అడ్డంగా వస్తున్నాడు.

అరవబోయాను. ఈలోపే వేలి మీద వేలు నొక్కుతోంది... మెల్లగా... మావాళ్ళు పిల్లలకి నేర్పేటట్టు, తొందర లేకుండా... నేను ఒళ్ళంతా పక్కకి విసిరేసుకున్నాను. తుపాకీ పేలింది.

జింక ఎగిరి మాయమైంది. నేను మంచులో బోర్లా పడి ఉన్నాను. నా వెనక ఎవరో దగ్గారు. ఒక్కసారే, గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గినట్టు.

"పడిందా?" రేనో గొంతు. బతికే ఉన్నాడు. లేచి పరిగెత్తాను. అతని తల పక్కనే ఉన్న చెట్టుకి బెరడు లేచిపోయి, తెల్లటి చెక్క కనిపిస్తోంది. అతను దాన్ని వేలితో తడిమి చూస్తున్నాడు.

"తప్పింది," అన్నాను. ఏడుపు తన్నుకొచ్చింది.

"ఐలి తుపాకీ తప్పదే!" అన్నాడు దిగులుగా.

వెంట్రుకవాసిలో తల పగలడం తప్పింది, ఆయన దిగులు తల గురించి కాదు, తుపాకీ పేరు గురించి! రెండు భుజాలూ పట్టుకుని ఊపేస్తూ మొత్తం చెప్పేశాను. గొట్టం దానంతటది తిరగడం, వేలు, చెంప, వాసన, దగ్గు. నవ్వుతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. అతను నా భుజం మీంచి మాటు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకా దగ్గుతోందా?" అని అడిగాడు.

ఆ మాటకి నాకు భయం పోయి కడుపు రగిలింది. నన్ను ఒక్క మాట అడగలేదు.

గుడిసెకి చేరేసరికి ఆర్వో పొయ్యి దగ్గర కత్తెర పట్టుకుని రెడీగా ఉన్నాడు. "ఒక మోతే విన్నా. కానీ మీ చేతులు ఖాళీ! తిరుగు వదినా, వెనక్కి తిరుగు!"

"ఉండు ఆర్వో, ఇవాళ వద్దు."

"ఆచారం ఆచారమే. నువ్వు ఏడిస్తే..." అంటూ మేకు కోసం గోడకేసి తిరిగి, ఆగిపోయాడు. "ఇదేంటి? ఇదెవరు పెట్టారు?"

నా ఎర్ర ముక్క పక్కన కొత్త మేకుకి ఒక గుడ్డ ముక్క వేలాడుతోంది. నీలం గళ్ళు. తిన్నగా కత్తిరించిన అంచు. తడిసి, మట్టి పట్టి, చివర్నుంచి నేల మీదికి చుక్కలు కారుతున్నాయి. గది నిండా ఏలకుల వాసన.

"నేను కాదన్నా. ఒట్టు," అన్నాడు ఆర్వో, అన్న మొహం చూసి.

నాకు అర్థమైంది. గురి తప్పింది నేను కాదు. అటు గురి పెట్టింది నేను కాదు, ఆమె.

రేనో వెళ్ళి ఆ ముక్కని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మొహానికి ఆనించుకున్నాడు. తరవాత మళ్ళీ మేకుకే జాగ్రత్తగా తగిలించాడు.

"మాట ఇచ్చావు. అమ్మేస్తానన్నావు," అన్నాను.

"అమ్మేస్తా. సీజను అయ్యాక. రేపు మాత్రం దాన్ని నేను తీసుకెళ్తా."

"నీకేమైనా పిచ్చా? అది నిన్ను చంపడానికి చూసింది!"

"నువ్వు నీది తీసుకెళ్ళు లెంపీ," అన్నాడు మెత్తగా. చంటిపిల్లని ఊరుకోబెట్టినట్టు.

"నేనున్నాను కదయ్యా ఇక్కడ! ఒక్కసారి నా వైపు చూడు!"

చూశాడు. జాలిగా చూశాడు. ఆ చూపు నాకు వద్దు.

అన్నదమ్ములిద్దరూ ఆవిరి స్నానానికి వెళ్ళినప్పుడు ఐలి తుపాకీ విప్పి తూటాలన్నీ తీసేశాను. అదేదో పాతకాలపు రకం, దాని తూటాలు దానికే పడతాయి, మా మిగతా తుపాకులవి దానికి పట్టవు. డబ్బాలోవి, రేనో కోటు జేబుల్లోవి, అల్మరా మూలకి దొర్లినవి కూడా ఏరి నా గౌను జేబులో వేసుకున్నాను. చచ్చినదానికి నా మొగుణ్ణి ఇచ్చేంత మంచిదాన్ని కాను నేను.

తెల్లవారకముందే రేనో లేచాడు. ఐలి తుపాకీ విప్పి చూసి, ఖాళీ డబ్బా చూసి, నా వైపు తిరిగాడు. అల్మరా మీది రేకు డబ్బా తీసి గుప్పెడు ఏలకులు జేబులో పోసుకున్నాడు.

"వెళ్ళొస్తా," అన్నాడు. ఆ మాట నాతో అన్నాడో, గోడతో అన్నాడో తెలీదు.

తలుపు దగ్గరే నిలబడి చూశాను. అతని టోపీ చిత్తడి వైపు పోయి చెట్లలో కలిసిపోయింది. ఖాళీ తుపాకీ ఏం చేస్తుందిలే అనుకున్నాను. మధ్యాహ్నానికి ఆకలేసి తనే వస్తాడు, అప్పుడు తిట్టొచ్చు.

ఆర్వో లేచి, చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని కాఫీ తాగుతున్నాడు. అతని తుపాకీ, నాది, రేనోది, మూడూ గోడకే ఆని ఉన్నాయి. వెలుతురు ఇంకా పూర్తిగా రాలేదు.

చిత్తడి వైపునుంచి మోత వినబడింది. పలక విరిగినట్టు, పొడిగా. ఆ తుపాకీ గొంతే అది.

ఇద్దరం రెండోదాని కోసం చెవి ఒగ్గాం. రాలేదు.

"ఒక్కటే," అన్నాడు ఆర్వో, సంతోషంగా. "పడిందన్నమాట. ఐలి వదిన తుపాకీయా, మజాకా!"

నా చెయ్యి జేబులోకి పోయింది. తూటాలన్నీ అక్కడే ఉన్నాయి. పట్టుకుంటే చేతికి వేడిగా తగిలాయి.

గోడకేసి చూశాను. నా ఎర్ర ముక్క ఎప్పటిలాగే వేలాడుతోంది. దాని పక్కన మేకు ఒక్కటే ఉంది, కింద నేల తడిగా ఉంది.