మిల్లు షెడ్డుల అంబాసిడర్

మిర్యాలగూడల త్రిపురారం రోడ్డు మీద మూతపడ్డ రైసుమిల్లు ఒకటుంది. పొద్దు గూకితే దాని షెడ్డు దిక్కు కుక్క గూడ పోదు. మిల్లు సేటు నరసింహారావు ఆ షెడ్డులనే, తన డీజిల్ అంబాసిడర్ కారుల, కూసున్నోడు కూసున్నట్టే పాణం విడిచిండట. అప్పటిసంది బండి కదల్లే. కానీ రాత్రిళ్లు ఇంజన్ దగ్గుతదని... ఊరంత అంటది.

నేను నమ్మలే. ఫోన్ల వీడియోలు సూసి నేర్చుకున్న మెకానిక్‌ని, నాకేం భయం!

మేం మిల్లు ఎన్క గల్లీల, సేటు ఇంట్లనే కిరాయికుంటం. ఆయన కొడుకు రితేష్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసిండు. "జీవన్ అన్నా, రేపు బండి తీస్కపోను పాత ఇనుపోళ్లు వస్తరు. ఇయ్యాల బండి స్టార్టయితే నువ్వే ఉంచుకో. అమ్మకు మాత్రం చెప్పకు... ఏడుస్తది."

"కారు ఓనరమ్మను చేస్త సూడు" అని నా భార్య నవ్య ముందట కోతలు కోసి, కొత్త బ్యాటరీ మోసుకొని పోయిన.

ట్యాంకిల డీజిల్ పాకం లెక్క చిక్కబడ్డది. అది పారబోసి కొత్తది పోసి, ఆయిలు, ఫిల్టరు మార్చి, టైర్లకు గాలి కొట్టి, పైపులల్ల గాలి పోయేదాక చేతిపంపు కొట్టి కొట్టి... తలెత్తి సూస్తే చీకటి. షెడ్డుల నేనొక్కన్నే.

తాళం తిప్పిన. గుర్రు... గుర్రు... ఊకుంది.

"సేటూ, జర సాయం చెయ్యి" అన్న, పరాచికానికి.

మల్ల తిప్పిన. బండి ఒళ్లు ఇదిలిచ్చుకొని — దడదడదడ! షెడ్డంత తెల్లటి పొగ. ఈలేసి ఎగిరిన. ఇగ చాలని తాళం ఎనక్కి తిప్పిన.

ఆగలే.

తాళం గుంజి తీసిన. తాళం నా చేతిల... ఇంజన్ నడుస్తనే ఉంది. బ్యాటరీ వైరు పీకిన — నడుస్తనే ఉంది!

"సేటూ... తప్పయింది..." అని రెండు చేతులు జోడిచ్చిన.

అప్పుడు... పొగల నుంచి తెల్లచీర. ఇరబోసుకున్న తెల్లజుట్టు. ఉరికొస్తంది — నా దిక్కే!

డిక్కీ ఎన్క దూరిన. ఒక్క దేవుని పేరు యాదికి రాలే. "నవ్యా... నవ్యా..." అని ఒర్లిన.

ఆ ఆకారం కారుల చెయ్యి పెట్టి, స్టీరింగ్ పక్కన గుండీ ఒకటి గుంజింది. ఇంజన్ ఆగింది.

"పాత డీజిల్ బండి తాళంతోని ఆగదు బిడ్డా. ఇది గుంజాలె."

సేటు భార్య మంగమ్మ! రొప్పుతంది.

"అమ్మా... ఇంత చీకట్ల ఒక్కరే... మీకు భయం గాలేదా?"

ఆమె డ్రైవర్ సీటు దిక్కు సూసింది.

"సప్పుడు ఇని... ఆయనే వచ్చిండనుకున్న."

అప్పుడు సూసిన, ఆమె కాళ్లకు చెప్పుల్లేవు.

ఆమె అటు తిరిగొచ్చి ముందు సీట్ల కూసున్నది. "ఇనుపోళ్లొస్తరని నాకెర్కలేదనుకున్నరా? స్టార్ట్ చెయ్యి. కాలువ దాక పోనియ్యి."

వైరు తగిలిచ్చి సేటు సీట్ల కూసున్న. బండి గుంతలల్ల ఎగురుకుంట రోడ్డెక్కింది.

"జర నిమ్మళంగ పోనియ్యి బిడ్డా," గుసగుసగ అన్నది మంగమ్మ. "ఎన్క సీట్ల ఆయన పండుకున్నడు."

కాలువ దాక పోయినం, మల్ల వచ్చినం. నేను అద్దంల మాత్రం సూడలే.