చివరి గది గంట

ఆ హోటల్లో కింది అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. ఎవరూ దిగని రాత్రుళ్ళు కూడా, ఆ గది బాత్రూంలోంచి ఎవరో పిలుస్తున్నట్టు కౌంటర్ దగ్గర గంట మోగుతుందట. చీకటి పడ్డాక పనివాళ్ళు అటువైపు చీపురు కూడా తీసుకెళ్ళరట.

మా పెద్దక్క చెప్పగా విన్నది ఇది. చిన్నప్పుడే కాళ్ళు పడిపోయినా, చక్రాల కుర్చీలో కూర్చునే ముప్పై ఏళ్ళుగా లెక్కలు చెప్పి పిల్లల్ని హడలెత్తిస్తోంది. దెయ్యమైనా సరే, ఆవిడ క్లాసులో ఎక్కాలు అప్పజెప్పి లేవాల్సిందే.

పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్ళి ఆ హోటల్లో దిగింది. కుర్చీ పట్టేంత వెడల్పు తలుపు ఉన్నది ఆ ఒక్క గదికే. "రాత్రుళ్ళు... గంట మోగుతుందమ్మా" అని గొణిగాడట సామాను మోసినతను.

బాత్రూంలోకి వెళ్ళగానే సంగతి ఇట్టే తేలిపోయింది. ఎవరైనా పడిపోతే లాగమని పైకప్పు నుంచి ఎర్ర తాడు వేలాడదీస్తారు కదా— దాన్ని గోడ కొక్కేనికి కట్టి, నేల తుడిచే తడిగుడ్డలు ఆరేశారు! ఆ బరువు తాడుని లాగినప్పుడల్లా కౌంటర్లో గంట. అక్క ఆ గుడ్డలు తీసి అవతల పారేసి నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్, దెయ్యం దొరికిందిరా. కంపు కొడుతోంది."

ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది.

అర్ధరాత్రి దాటాక బాత్రూంకి వెళ్ళింది. కుర్చీలోంచి జరగడానికి గోడకున్న స్టీలు కడ్డీ పట్టుకుంది... కడ్డీ స్క్రూలతో సహా చేతిలోకి ఊడొచ్చింది. కుర్చీ వెనక్కి దొర్లిపోయింది. కిందపడ్డ అక్కకి తుంటి కలుక్కుమంది, ఇక కదల్లేకపోయింది. ఫోనేమో మంచం మీద ఉంది.

ఆ కడ్డీతోనే తాడు అందుకుని లాగింది. దూరంగా గంట మోగింది.

అమ్మయ్య అనుకుంది.

గంట ఆగిపోయింది— ఎవరో ఆపేశారు. మళ్ళీ లాగింది. మళ్ళీ మోగింది... మళ్ళీ ఆగింది.

వరండాలో అడుగుల చప్పుడు. మెల్లగా వచ్చి గది తలుపు బయట ఆగింది.

"బాబూ, లోపలికి రా! పడిపోయాను!"

వణుకుతున్న గొంతు ఒకటి బయట గుసగుసలాడింది. "నీకు దణ్ణం పెడతాను... పిల్లలు గలవాణ్ణి... నా జోలికి రాకు..."

"నేను మనిషినయ్యా! టీచర్ని!"

పరుగు చప్పుడు. ఆ తర్వాత ఎన్నిసార్లు తాడు లాగినా గంట మోగలేదు.

తెల్లారేదాకా ఆ చల్లటి నేల మీదే పడి ఉంది మా అక్క. అరిచి అరిచి గొంతు పోయింది. ఏడ్చిందట కూడా. ఆ మాట నాతో చెప్పేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుంది.

పొద్దున ఊడ్చే ఆవిడ మూలుగు విని తలుపు తీయించింది. వెనకే కౌంటర్లో రాత్రి డ్యూటీ చేసే ఆయనా వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఆ గదిలో మనిషి దిగిందని పగటివాళ్ళు అతనికి చెప్పనే లేదట. అక్క కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు.

"తడిగుడ్డల బరువుకి మోగే గంటకా, నీ భయం?" అంది అక్క, రాని గొంతుతో.

"గుడ్డలు కాదమ్మా. చంకకర్రలతో నడిచే పెద్దాయన ఒకరు, రెండేళ్ళ కిందట ఈ బాత్రూంలోనే పోయారు. ఆ రాత్రే ఇది మొదలైంది. గంటే గంట... వైరు చెడిందనుకుని, పీకేసి పడుకున్నా. పొద్దున టీ తీసుకెళ్ళి చూస్తే శవం. అప్పుడు తెలిసింది— రాత్రి గంట కొట్టింది ఆయన దెయ్యమని."



"నువ్వు వైరు పీకేటప్పటికి..." అంది అక్క, "ఆయన బతికే ఉన్నాడు నాయనా."

అతను గోడకి జారగిలబడి అక్కడే కూర్చుండిపోయాడు.